విశేషమేమీ లేదు

నోరు తెరవకూడదు. ఈ గంటసేపూ హెస్టర్ ట్రాన్మర్ నడవొచ్చు, ఏదైనా వేలు పెట్టి చూపించొచ్చు, ఇన్‌స్పెక్టరు అడిగితే ఉన్న సంగతి ఒక్క ముక్కలో చెప్పొచ్చు, అంతకు మించి ఇంకేమీ చేయకూడదు. వాదనలన్నీ కాగితాల మీద అయిపోయాయి, ఈ రోజు కేవలం ఇల్లు చూడటానికి వచ్చామని గేటు దగ్గరే మిసెస్ లాటిమర్ చెప్పేసింది. అప్పీళ్ళు వినడానికి లండన్ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఆవిడ. పొట్టి మనిషి, పచ్చటి వానకోటు, బురదలో నడిచే బూట్లు, చేతిలో వైరు చుట్టిన నోటుబుక్కు. "ఎవరూ నన్ను ఒప్పించడానికి ప్రయత్నించకండి, దయచేసి," అంది. సరేనంటూ ఇద్దరూ తలలూపారు. హెస్టర్ పళ్ళు బిగించి ఊపింది. ఇంటి యజమాని డెస్మండ్ థ్రసెల్ మాత్రం చిరునవ్వుతో ఊపాడు, నవ్వడా మరి, అతని తరఫున వాదించేది హెస్టర్ ఇరవై ఆరేళ్ళ కిందట రాసిన కాగితమే కదా. ఆ కాగితం అతని ఫైలులో పైనే ఉంది, పసుపు రంగు పూసి మరీ పెట్టుకున్నాడు. వెనక మెట్లు: విశేషమేమీ లేదు. కింద సంతకం, హెస్టర్ ట్రాన్మర్, పాత కట్టడాల రక్షణ అధికారి. ఆ సంతకం చూస్తేనే ఒళ్ళు మండిపోతోంది, ఎంత పొగరుగా ఉందో, ట్రాన్మర్‌లో టీ అక్షరం మీద గీత ఆ చివరి నుంచి ఈ చివరి దాకా లాగేసింది.

వాన పడీ పడనట్టు పడుతోంది, తెల్లటి ఇల్లు తడిసి బూడిద రంగుకు తిరిగింది. ఎంత అందమైన ఇల్లు, ఎంత దొంగ ఇల్లు. ఇక్కడి ఊటల మందునీళ్ళ కోసం జబ్బులవాళ్ళూ జబ్బుల్లేని డబ్బున్నవాళ్ళూ ఈ ఊరికి బండ్లు కట్టుకుని వచ్చే రోజుల్లో, జార్జి రాజుల కాలం చివర కట్టినది. పక్కింటితో గోడ కలవకుండా, చుట్టూ తోటతో విడిగా నిలబడిన విల్లా. ముందు నుంచి చూస్తే రాతి కట్టడం. కానీ రాయి ఎక్కడుంది, అంతా ఇటుకే, ఇటుక మీద సున్నపు గచ్చు మెత్తి, గచ్చు ఆరకముందే గీతలు గీసి, రాతి పలకలు పేర్చినట్టు భ్రమ కల్పించారు. ముందు వసారాలో రెండు స్తంభాలూ అంతే, లోపల ఇటుకే. పై అంతస్తులో ఎడమ చివరి కిటికీ అసలు కిటికీయే కాదు, వెనక గోడ ఉంది. ఎడమ పక్కనా కుడి పక్కనా లెక్క సరిపోవాలని గోడకు నల్లరంగు వేసి, తెల్లటి కమ్మీలు గీసి కిటికీ అనిపించారు. రెండు వందల ఏళ్ళుగా ఆ కిటికీలోంచి ఎవరూ బయటికి చూడలేదు. మిసెస్ లాటిమర్ తలెత్తి దాన్ని చూసి ఏదో రాసుకుంది. రాసుకో తల్లీ, రాసుకో, ఈ ఇంట్లో ఒకటా రెండా. "ఆ కిటికీ భలే తమాషాగా ఉంటుందండీ, మా మనవరాలు దానికి చేయి ఊపుతుంది," అన్నాడు థ్రసెల్. ఇది వాదన కిందికి రాదు, కబురు కిందికి వస్తుంది, ఇలాంటి కబుర్లతో మనుషుల్ని బుట్టలో వేసుకోవడం అతనికి బాగా తెలుసు. హెస్టర్ ఫైలును రొమ్ముకు అదుముకుంది. అట్ట మూల మెడకు గుచ్చుకుంటోంది, గుచ్చుకోనీ.

ముందు గుమ్మంలోంచి లోపలికి వెళుతుంటే ఎప్పుడూ ఒక క్షణం తడబడుతుంది ఆమె. యాభై నాలుగేళ్ళ వయసులో, ఈ ఊళ్ళో ఏ పాత ఇంటి తలుపైనా కొట్టి లోపలికి వెళ్ళే హక్కు జేబులో పెట్టుకుని కూడా, కాళ్ళు ఒక్క క్షణం పక్కదారి వెతుకుతాయి. తలుపు మీద విసనకర్రలా విచ్చుకున్న అద్దం, దాని కింద ఇత్తడి పిడి, కింద అరిగిన రాతి గడప. గడప వచ్చేపోయేవాళ్ళ కాళ్ళకు అరిగిందని అతిథులకు చెబుతారు, కాళ్ళకు కాదు, మోకాళ్ళ మీద కూర్చుని రోజూ రాయితో రుద్ది తెల్లగా తోమిన చేతులకు అరిగింది. "తోమేది నేను, తొక్కేది వాళ్ళు, మళ్ళీ నేను ఆ గడప తొక్కకూడదంట, చూశావటే పిల్లా ముచ్చట," అనేది అమ్మ. నవ్వుతూనే అనేది. ఐవీ ట్రాన్మర్ దేన్నయినా నవ్వుతూ అనగలదు, ఆ నవ్వే హెస్టర్‌కు పుట్టుకతో రాలేదు, అమ్మకు రావలసిన కోపమంతా కూడబెట్టినట్టు కూతురికి వచ్చింది. ఇదే రోడ్డు చివర ఇలాంటిదే ఇంకో విల్లా ఉండేది, మిసెస్ గార్స్‌వుడ్ అనే ఆవిడ దాన్ని లాడ్జి చేసి నడిపేది. అమ్మ అక్కడ పదకొండేళ్ళు గదులు తుడిచింది. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, దాని చోట పెట్రోలు బంకు ఉంది. కూల్చేటప్పుడు ముందు వసారాను మాత్రం ఊడదీసి మ్యూజియంలో పెట్టారు, వసారా విశేషమైనది కదా.

హాల్లో మిసెస్ లాటిమర్ ఆగి పైకి చూసింది. కప్పు అంచున ఆకులూ పూలూ, నాలుగు మూలలా తిరిగే తీగ, ఒక్కో ఆకూ విడివిడిగా అచ్చు పోసి అతికించినది. దీని గురించి హెస్టర్ రెండు పేజీలు రాసింది. అప్పుడు ఎంత శ్రద్ధ, ఒక ఆకు ముక్క విరిగి ఉంటే అదీ రాసింది. పెద్ద మెట్ల గురించి ఇంకో పేజీ, నిజమే, ఎవరైనా రాస్తారు. గోడలోంచి ఒక్కో రాతి మెట్టూ పొడుచుకు వచ్చి, కింద ఏ ఆధారమూ లేకుండా, గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి, పైన కోడిగుడ్డు ఆకారంలో వెలుతురు పడే అద్దం. ఒక మెట్టు ఇంకో మెట్టు మీద ఆని నిలబడుతుంది, ఒక్కటి తీస్తే అన్నీ వస్తాయి. చేతికి నున్నటి ఎర్రచెక్క కమ్మీ. ఈ మెట్లు పట్టుగౌన్లు ఎక్కడానికి. థ్రసెల్ ఆ కమ్మీ మీద చేయి వేసి, "దీన్ని ముట్టుకోమండీ మేము, ప్రాణంలా చూసుకుంటాం," అన్నాడు. "మిస్టర్ థ్రసెల్," అంది మిసెస్ లాటిమర్ తల తిప్పకుండానే. "సారీ, సారీ," అని పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు, బడిపిల్లాడిలా. అరికాలి మంట నెత్తికెక్కింది హెస్టర్‌కు. ప్రాణంలా చూసుకుంటాడట. ముందు భాగం చూసుకుంటాడు, ఎవడు చూసుకోడు, చూపించుకునేది ఎవడైనా చూసుకుంటాడు. వెనక మెట్లు పడగొట్టి ఆ బావిలాంటి చోటులో లిఫ్టు పెట్టి, ఇంటిని ఆరు ముక్కలు చేసి అమ్ముకుంటాడు. కౌన్సిలు వద్దంది, అంటే హెస్టర్ వద్దంది. వెంటనే అతను అప్పీలు వేసి, ఆ పాత కాగితం తీసి బల్ల మీద పెట్టాడు, మీ అధికారే విశేషమేమీ లేదని రాసింది కదా, ఇప్పుడు ఎందుకు ముద్దొచ్చిందని అడిగాడు. మనసు మారిందని రాశారు కౌన్సిలు వకీళ్ళు, కొత్త దృష్టితో చూశామని. దేన్ని చూశాం, ఎప్పుడు చూశాం. అప్పీలు వేసిన దగ్గర్నుంచీ అతను గడప తొక్కనివ్వలేదు. అంతకు ముందైనా తను చూసి చచ్చిందా.

చూడలేదు. అదే అసలు ముల్లు. మనసు మారడానికి ముందు చూసి ఉండాలి కదా.

పెద్ద గదిలో పొయ్యి పక్కన గోడకు అంటించిన చారల కాగితంలోనే ఒక తలుపు ఉంది, తెలియనివాళ్ళకు కనపడదు. కాగితం చార తలుపు మీదుగా తెగకుండా పోతుంది, కింద చెక్క అంచు కూడా తలుపుతో పాటే తెరుచుకుంటుంది. దొంగతలుపు అనేవాడు హెస్టర్ పాత పైఅధికారి ఫెన్విక్. ఆ రోజుల్లో ఎవరో టీ తెచ్చేవారు, ఎక్కడి నుంచి వచ్చారో అతిథులకు తెలియదు, ఎక్కడికి పోయారో తెలియదు, అంత శుభ్రం. మిసెస్ లాటిమర్ వేలితో గోడ తడిమి అంచు పట్టుకుని లాగింది. అవతల చీకటి సందు, చల్లటి గాలి. ఇటు చార కాగితం, అటు సున్నం కూడా సరిగ్గా కొట్టని గోడ. ఆ గాలిలో ఏదో వాసన, తడి గుడ్డ, బ్లీచింగు పొడి, అది నిజంగా ఉందో లేక హెస్టర్ ముక్కులోనే ఉందో. ఈ వాసన వస్తే చాలు, ఆమెకు ఏడేళ్ళు వచ్చేస్తాయి. బడి అయ్యాక నేరుగా లాడ్జికి వెళ్ళాలి, వెనక వాకిలి నుంచి, బొగ్గుల గది పక్క నుంచి. వెనక మెట్ల అడుగున మొదటి మెట్టు మీద కూర్చుని ఎక్కాలు రాసుకోవాలి. మెట్టు రాతిది, మధ్యలో గుంట, ఆ గుంటలో సరిగ్గా సరిపోయేది. పైన ఎక్కడో బాల్చీ చప్పుడు, అమ్మ దగ్గు. ఒకసారి పైకి వెళ్ళబోతే మిసెస్ గార్స్‌వుడ్ చూసింది. "ఐవీ, నీ పిల్లని ఆ మెట్టు దాటనివ్వకు, నా అతిథులకు పేలు అంటిస్తుంది," అంది, అది కూడా పిల్ల ముందే. "సరేనమ్మగారూ," అంది అమ్మ, సరేనమ్మగారూ అని, నవ్వుతూ. ఆ రాత్రి వంటింట్లో దీపం కింద కూర్చోబెట్టి దువ్వెనతో తల దువ్వి దువ్వి, "ఒక్కటీ లేదే, ఒక్కటి కూడా లేదు," అంది. మర్నాడు మళ్ళీ ఆ మెట్టు మీదే కూర్చోబెట్టింది. అమ్మ మీద ఎంత కోపమో ఆ రోజు. ఇప్పటికీ ఉంది, సమాధికి పూలు తీసుకెళుతూ కూడా ఉంటుంది.

ఫెన్విక్ అయితే ఇంకో రకం. ఉద్యోగంలో చేరిన కొత్తలో పైఅధికారి, మెడకు చుక్కల టై, కారులో ఎప్పుడూ పుదీనా బిళ్ళల వాసన. మంచివాడే, పని నేర్పాడు, సున్నం గచ్చును గోటితో గీరి వయసు చెప్పడం నేర్పాడు, కిటికీ కమ్మీ మందం చూసి ఏ పదేళ్ళలో చేశారో చెప్పడం నేర్పాడు. కానీ అతను నేర్పిన చూపంతా ముందు నుంచి చూసే చూపు. "ఇల్లు ముఖంతో మాట్లాడుతుందమ్మా హెస్టర్, వెనక్కి వెళ్ళి చూసేది డ్రైనేజీవాళ్ళు," అనేవాడు. నవ్వింది తను. గంగిరెద్దులా తలూపింది. ఆ రోజు, ఈ ఇల్లు చూడటానికి వచ్చిన రోజు, తను కొత్త చెప్పులు వేసుకుంది, లేత మీగడ రంగువి, మొదటి జీతంతో కొన్నవి. పైవన్నీ చూశారు, రాశారు, ఫెన్విక్ కారులోకి వెళ్ళి కూర్చుని హారన్ కొట్టాడు. వెనక మెట్లు మాత్రమే మిగిలాయి. కింది నడవలోంచి వెళ్ళింది, మెట్ల అడుగున నిలబడింది, పైన చీకటి, ఆ వాసన. మొదటి మెట్టులో గుంట. టార్చి సంచిలో ఉంది, తీయలేదు. చెప్పులు పాడవుతాయనుకుంది, లేదు, చెప్పుల వంక పెట్టుకుంది. కాలు లేవలేదు. ఆ మెట్టు దాటకూడదని ఎవరో అన్నారు, తను ఇంకా వింటోంది. డిగ్రీ పుచ్చుకుని, సర్కారు ముద్ర ఉన్న కాగితాలు బిగించిన పలక చేత్తో పట్టుకుని, ఇంకా మిసెస్ గార్స్‌వుడ్ మాట వింటోంది. అందుకే పలక మీద రాసేసింది, విశేషమేమీ లేదు, హాయిగా, ఒక పురుగును నలిపేసినట్టు. తర్వాత చివరి పేజీలో, అన్ని గదులూ స్వయంగా ఎక్కి దిగి పరిశీలించాను అని సంతకం. ఆ సంతకం మీదే నడిచింది జీవితమంతా. ఈ ఊళ్ళో నూట అరవై ఇళ్ళు ఆమె రాసిన కాగితాల మీద నిలబడి ఉన్నాయి, ఒక్క ఇటుక తీయాలన్నా ఆ సంతకం అడ్డం. మిగతా అన్నిచోట్లా ఎక్కింది, అటకల్లో పాకింది, పావురాల రెట్టలో మోకాళ్ళ మీద నడిచింది, ఒకసారి కప్పులోంచి కాలు జారి రెండు నెలలు మంచాన పడింది. ఈ ఒక్కచోటే ఎక్కలేదు. కానీ ఎవరు నమ్ముతారు. ఒక్కచోట అబద్ధం రాసిందని తెలిస్తే, ప్రతి థ్రసెల్ గాడూ ఫైలు పట్టుకుని వస్తాడు, మా ఇంటిని మాత్రం నిజంగా చూసిందా అని.

మిసెస్ లాటిమర్ ఆ చీకటి సందులోకే నడిచింది, వెనక థ్రసెల్, అతని వెనక హెస్టర్. సందు చివర నాలుగు మెట్లు దిగితే కింది నడవ, రాతి పలకల నేల, గోడ పొడవునా పనివాళ్ళను పిలిచే గంటలు వేలాడిన కొక్కేలు. గంటలు లేవు, ఒక్కో కొక్కెం కింద ఏ గది పిలుస్తోందో రాసిన రంగు మాత్రం మిగిలింది. ఇక్కడ అబద్ధమేదీ లేదు. ఇటుక ఇటుకలాగే ఉంది, చెక్క చెక్కలాగే ఉంది, ఇక్కడి మనుషుల్ని భ్రమింపజేయాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది. నడవ మలుపులో వెనక మెట్లు. మనిషికి భుజం భుజం రాసుకునేంత ఇరుకు, నిచ్చెనంత నిట్టనిలువు, గుండ్రంగా కాదు, మెడ విరిచినట్టు ఒక్కసారిగా తిరుగుతాయి. కింది మూడు మెట్లు రాతివి, ఆపైన చెక్కవి. మొదటి మెట్టులో గుంట అలాగే ఉంది.

"ఇవేనా ఆ మెట్లు?" అంది మిసెస్ లాటిమర్.

"ఇవేనండీ, మీరే చూడండి, ఏముంది ఇక్కడ," అన్నాడు థ్రసెల్. మళ్ళీ పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు, ఈసారి కళ్ళు హెస్టర్ వైపు తిప్పి. ఆ కళ్ళలో నవ్వు. చెంప పగలగొడదామా అనిపించింది ఆమెకు. ఇతని మీద కోపమా, ఇతను చేసిందేముంది, అమ్ముకునేవాడు అమ్ముకుంటాడు. ఎవరి చేతిరాత చూపించి అమ్ముకుంటున్నాడు. ఎవరు ఇచ్చారు అతనికి ఆ చేతిరాత. ఫెన్విక్ పోయాడు, మిసెస్ గార్స్‌వుడ్ పోయింది, అమ్మ పోయింది, కోప్పడటానికి ఎవరూ మిగల్లేదు, ఈ ఇరుకు నడవలో మీగడ రంగు చెప్పుల పిల్ల ఒక్కతే మిగిలింది, ముక్కు మూసుకుని, పలక పట్టుకుని. దాన్ని జుట్టు పట్టుకుని ఈడ్చి పైకి ఎక్కించాలనిపించింది.

మిసెస్ లాటిమర్ నోటుబుక్కులో వెనక్కి తిప్పి, పసుపు పూసిన కాగితం నకలు తీసి, గోడ దీపం కింద చదివింది. మళ్ళీ మెట్ల వైపు చూసింది. మళ్ళీ కాగితం వైపు.

"మిస్ ట్రాన్మర్, నేను అడిగేది వాదన కాదు, జరిగిన సంగతి. పెద్ద మెట్లకు మీరు ఒక పేజీ రాశారు. కప్పు మీద పూలకు రెండు పేజీలు. దీనికి రెండు ముక్కలు. ఈ కాగితం రాసిన రోజు మీరు ఈ మెట్లు ఎక్కి చూశారా?"

ఎక్కానంటే చాలు. ఎక్కాను, అప్పుడు విశేషం కనపడలేదు, ఇప్పుడు కాలం మారింది, మా దృష్టి మారింది. వకీళ్ళు రాసింది అదే, దాన్నే పట్టుకుంటే సరిపోతుంది. మెట్లు పోతాయి, నూట అరవై ఇళ్ళు ఉంటాయి, పింఛనుకు ఇంకా కొన్నేళ్ళు, ఎవరికీ ఏమీ తెలియదు. నూట అరవై ఇళ్ళ కోసం ఒక్క మెట్లదారి, ఏ తూకంలో చూసినా సరైన బేరం, ఎవరైనా అదే చెబుతారు, ఫెన్విక్ అయితే భుజం తట్టి మరీ చెబుతాడు. పైన ఏముందో కూడా తెలియదు, ఏమీ లేకపోవచ్చు, నాలుగు కుళ్ళిన చెక్కలు ఉండొచ్చు. ఎక్కాను. ఒక్క మాట. సరేనమ్మగారూ అన్నట్టే, అంతే తేలిక.

"లేదు," అంది హెస్టర్. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది, నడవంతా మోగింది. "ఎక్కలేదు. ఇక్కడే నిలబడి రాశాను. ఎక్కానని సంతకం పెట్టాను."

మిసెస్ లాటిమర్ రాసుకుంది, పదం పదం.

"చూశారా," అన్నాడు థ్రసెల్, ఇక వేలూ లేదు పెదవీ లేదు. "అంటే ఈవిడ రాసినవన్నీ ఇంతేనన్నమాట. ఊరంతటినీ ఆడించింది ఈ కాగితాలతోనే కదండీ. ఇప్పుడు చెప్పండి, ఈ కాగితానికి విలువేముంది?"

"అదే నేనూ రాసుకుంటున్నాను మిస్టర్ థ్రసెల్," అంది మిసెస్ లాటిమర్. "ఈ కాగితాన్ని నేను లెక్కలోకి తీసుకోలేను." తన అప్పీలంతా ఆ కాగితం మీదే నిలబెట్టుకున్నానని అతనికి తట్టడానికి కాసేపు పట్టింది. తట్టాక నోరు మూసుకున్నాడు, ఈసారి నిజంగానే. హెస్టర్‌కు సంతోషం కలగలేదు. రేపు ఉదయం ఈ మాట కౌన్సిలుకు చేరుతుంది, సాయంత్రానికి ఊరంతా పాకుతుంది, తను కాపాడిన ప్రతి ఇంటి మీదా ఎవరో ఒకరు సుత్తి పట్టుకుని లేస్తారు. చేతులారా చేసుకుంది. కోపం తగ్గుతుందనుకుంది, తగ్గలేదు, కాళ్ళలోకి దిగింది.

"నడవండి, చూద్దాం," అంది మిసెస్ లాటిమర్ పక్కకు తప్పుకుని. "ముందు మీరే."

హెస్టర్ గుంటపడిన మెట్టు మీద కాలు వేసింది, దాటింది. రెండోది, మూడోది, తర్వాత చెక్క కిర్రుమంది. టార్చి వెలిగించింది. గోడలు రెండు భుజాలకూ తగులుతున్నాయి. మలుపు దగ్గర మెట్టు ఎంత సన్ననిదంటే పాదం అడ్డంగా పెట్టాలి, పడకుండా చేయి గోడకు ఆనించాలి, ఆమె చేయి దానంతటదే వెళ్ళి ఆనింది, ఆనిన చోట గోడ లోపలికి పోయింది. టార్చి తిప్పింది. నడుముకు కాస్త పైన, గచ్చులో ఒక గుంట, అరచేయంత, లోపలి ఇటుక దాకా అరిగిపోయి, అంచులు నున్నగా, నల్లగా. ఒక చేతిలో బాల్చీ ఉన్నవాళ్ళందరూ రెండో చేత్తో పట్టుకున్నది ఇక్కడే. ఎంతమంది, ఎన్ని ఏళ్ళు, రోజుకు ఎన్నిసార్లు పట్టుకుంటే అరచేయి ఇటుకను చేరుతుంది. ఆమె చేయి తీయలేకపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఏడుపు కాదు, మంట. ఇరవై ఆరేళ్ళు ఇది ఇక్కడే ఉంది, పదకొండు మెట్ల దూరంలో.

వెనక నుంచి మిసెస్ లాటిమర్ ఊపిరి వినిపిస్తోంది. హెస్టర్ చేయి తీసి, వేలు పెట్టి చూపించింది. మిసెస్ లాటిమర్ కలం జేబులో పెట్టుకుని, తన అరచేయి ఆ గుంటలో ఉంచింది.

"ఇది మీ కాగితంలో లేదు," అంది.

"లేదండీ."

"అయితే చెప్పండి, రాసుకుంటాను. ఎత్తు ఎంత?"

హెస్టర్ సంచిలోంచి కొలత టేపు తీసి, మెట్టు మీద మోకాళ్ళూని కూర్చుంది.